ఒక పూట మా పెరట్లోకి రండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రిగారికి,

నౌపడ నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.  

మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం. హౌరా–చెన్నై లైనులో రైలెక్కిన వాళ్లకి ఎండాకాలంలో అద్దం ముక్కల్లా మెరిసే మడులు, గట్ల మీద తెల్లటి రాశులు కనిపిస్తే అది మా ఊరని గుర్తు. "ఇది ఏ ఊరండీ?" అని పక్కవాణ్ణి అడిగేలోపు వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే మమ్మల్ని చూసినవాళ్లు చాలామంది ఉన్నా, మా ఊళ్లో దిగినవాళ్లు తక్కువ.

ఈ ఉత్తరానికి కారణం ఒక అడ్డగీత. పోయిన సంక్రాంతి ముందు చేతిలో కాగితాల కట్టతో ఒక కుర్రాడు ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికొచ్చాడు. ఎవరు పంపారో నేను అడగలేదు. ఎండన పడి వచ్చాడు కదా అని పెరట్లో మునగచెట్టు కింద మంచం వాల్చి, మజ్జిగిచ్చి, ఉడకబెట్టిన తేగలు పెట్టాను. ఇల్లు సొంతమా, మరుగుదొడ్డి ఉందా, కుళాయి ఉందా అని అన్నీ అడిగాడు. చివర్లో "వినోద సౌకర్యాలు" అని ఒక గడి వచ్చింది. పార్కు? లేదు. సినిమా హాలు? లేదు. ఈతకొలను? నాకు నవ్వొచ్చింది. ఆ కుర్రాడు కూడా నవ్వి, గడికి అడ్డంగా ఒక గీత గీసేశాడు. గీసేటప్పుడు అతని నోట్లో మా తేగ ఉంది. వెనక వీధిలో సంబరానికి చెక్కభజన సాధన చేస్తున్నారు. ఆ తాళానికి అతని కాలు దానంతటదే ఆడుతోంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. గడి ఎలా ఉంటే జవాబు అలాగే ఉంటుంది. ఇప్పుడు మా తీరం పేరు పేపర్లలో తరచుగా వస్తోంది. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. పోర్టు వెంట రోడ్లు, రోడ్ల వెంట హోటళ్లు, వాటి వెంట పర్యాటకం వస్తాయంటున్నారు. రానివ్వండి. కానీ మీ శాఖ మా ఊరి లెక్క తీసేటప్పుడు ఆ అడ్డగీతను నమ్ముకుంటే మాత్రం పొరపాటైపోతుంది. ఆ గీత కింద ఏముందో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు పెరటి సంగతి. ఉప్పు పండే నేలలో కూరగాయలేం పండుతాయని మీకు అనుమానం రావచ్చు. మాకూ పేచీయే. వేసవిలో బావినీళ్లు ఉప్పదేరతాయి. ఆ నీళ్లు పోస్తే మెత్తటి పాదులు ఆకుల అంచులు మాడ్చుకుంటాయి. అందుకే ఇక్కడ పెరడు చూసుకోవడమంటే ఏ మొక్క ఎంత ఉప్పు ఓర్చుకుంటుందో తెలుసుకోవడం. కొబ్బరి ఓర్చుకుంటుంది. మునగ, బచ్చలి చాలావరకు సర్దుకుంటాయి. చిక్కుడుది మాత్రం సుకుమారం. దాన్ని తొలివానలు పడి నేలలోని ఉప్పు కిందికి దిగాకే పెడతాం. మా అత్తగారు చిక్కుడు పాదు మొదట్లో కుండపెంకులు పరిచి, బియ్యం కడిగిన నీళ్లు తప్ప మరోటి పోసేవారు కాదు.

చిక్కుడు సుకుమారమే కాదు, మొండి కూడా. ఎంత ఎరువేసినా, ఎంత బతిమాలినా, పగలు పొట్టిదై రాత్రి పొడుగయ్యే రోజులు వస్తేగాని మా నాటు చిక్కుడు పూత పట్టదు. కార్తీకంలో పూసి, సంక్రాంతికి గుత్తులు వేలాడి, రథసప్తమి దాకా కాస్తుంది. ఆ రోజు మా పెరడు గుడవుతుంది. పిడకల దాలి మీద పాలు పొంగిస్తాం. కొత్త బియ్యం, కొత్త బెల్లంతో పరమాన్నం వండుతాం. చిక్కుడుకాయలకి కొబ్బరి ఈనెలు గుచ్చి రథం కడతాం. పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో పెట్టి, ఎదురుగా లేచే సూర్యుడికి చూపిస్తాం. రథం కట్టడం పిల్లల వంతు. చక్రాలు వంకరగా వస్తాయి. సూర్యనారాయణమూర్తి ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

2025లో ప్రభుత్వం అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండగగా జరిపింది. మాకు చాలా సంతోషం వేసింది. కానీ బాబూ, ఆ పండగలో సగం అరసవల్లి గుళ్లో ఉంటే, మిగిలిన సగం ఇలాంటి పెరళ్లలో ఉంది. క్యూలో నిలబడి దేవుణ్ణి చూసేది ఆ సగం. చేతులు మసి చేసుకుని దేవుడికి రథం కట్టి పెట్టేది ఈ సగం. మొదటి సగానికి మీ ఏర్పాట్లు కావాలి. రెండో సగానికి ఒక చిక్కుడు పాదు చాలు.

ఇక మా ఊరి పంట, ఉప్పు. మా ఎదురింటి అప్ప ముప్పై ఏళ్లుగా మడుల్లో పనిచేస్తోంది. ఆవిడ చెబుతుంటే వినాలి. ఉప్పుటేటి నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండబెడతారు. పది బిందెల సముద్రపు నీరు ఒక బిందెకు ఇంకితేగాని ఉప్పు గళ్లు కట్టదు. అలాగని వదిలేస్తే మరీ చిక్కబడి చేదు దిగుతుంది. ఆ నీటిని సమయానికి తీసెయ్యాలి. "సెల్లీ, ఉప్పు మీద సెయ్యేసి కూకుంటే కాదు, కన్నేసి కూకోవాల. కునుకు తీసేవా, సేదెక్కిపోద్ది" అంటుంది అప్ప. కర్ర పలకతో రోజంతా లాగిన ఉప్పును ఒక్క అకాల వాన అరగంటలో కరిగించేస్తుంది. అప్ప అరికాళ్లు చూస్తే ఎండిన మడిలాగే పగుళ్లు.

ఆ ఉప్పు రాశులు పెరిగే రోజులూ, మామిడికాయ దిగే రోజులూ ఒకటే కావడం మా ఊరి అదృష్టం. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ఇంటి ముందూ ముక్కలు కొట్టే చప్పుడే. నలుగురు ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరితే, ఒకరు కత్తిపీట, ఒకరు గుడ్డతో తుడవడం, ఒకరు ఆవపిండి, ఒకరు మిగతా ముగ్గురి తప్పులూ పట్టడం. ఆవపిండి, కారం, దంచిన ఉప్పు సమానమని అందరికీ తెలుసు. అయినా ప్రతి ఏడూ ఉప్పు దగ్గరే తగువు వస్తుంది. మూడోరోజు జాడీ తిరగేసి చూస్తే ముక్కల్లోని నీరంతా ఉప్పు లాగేసి ఊట దిగి ఉంటుంది. అప్పుడు అందరూ "నేను చెప్పలేదా?" అంటారు. ఆ పూట వేడన్నంలో కొత్తావకాయ కలిపి పెట్టే ముద్ద కోసం వీధిలోని పిల్లలందరూ మా గడప దగ్గర కాపు కాస్తారు. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నియమం మాకు తెలుసు, రోజూ కూరల్లోకి పాకెట్టుప్పే వాడతాం. ఏడాదికోసారి జాడీలోకి మాత్రం అప్ప చేతి గళ్లుప్పే పడాలి. అది రుచికోసం కాదు, మర్యాదకోసం.

మా వంటలకి పెద్ద పేర్లు లేవు. మునగాకు, తెలగపిండి కూర చెబుతాను. తెలగపిండి అంటే నువ్వులు గానుగాడాక మిగిలిన పిండి. నీళ్లు మరిగించి, ఉప్పేసి, ఆ పిండి చిదిమి వేసి, దూసిన మునగాకు కలిపి, నీరు ఇగిరేదాకా మూత పెట్టాలి. ఆపైన ఎండుమిరప, వెల్లుల్లి దండిగా వేసి పోపు. అంతే. నూనె పోయిన పిండిలో అంత కమ్మదనం ఎలా మిగిలిందో గానుగకే తెలియాలి. పక్కన పప్పుచారు, వేయించిన ఎండు మెత్తళ్లు. మేం ఆనపకాయ అంటే కొన్నిచోట్ల సొరకాయంటారు. మేం చోడి అంబలి అంటే ఇంకొన్నిచోట్ల రాగి జావంటారు. పేరేదైనా, అది తాగి ఎండలోకి వెళ్తే మిట్టమధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. ఇప్పుడు పట్నంలో పెద్ద హోటళ్లలో గాజుగ్లాసులో పోసి ఇస్తున్నారట. మా తాతకు తెలిస్తే ఆ ధరకు అంబలి కుండ, పొయ్యి, పొయ్యి ఉన్న వంటిల్లు కూడా రావాలి కదా అని అడిగేవాడు.

ఆ కుర్రాడు కూర్చున్న మునగచెట్టు గురించి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. మాకూ ఆ గాలి దెబ్బ తగిలింది. తెల్లారి చూస్తే పందిరి లేదు, పాదు లేదు, మునగచెట్టు మొదలంటా విరిగి గోడ మీద పడి ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు. రాలిన కొబ్బరికాయలు, పడిపోయిన అరటి గెలలు అందరివీ ఒకచోట చేర్చి, ఒకే పొయ్యి మీద వీధంతటికీ వండుకున్నాం. టీవీ లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. మూడోరాత్రి ఎవరో చెక్కలు పట్టుకొచ్చారు. పాట మొదలైంది. ఏడుస్తూ మొదలుపెట్టిన వాళ్లే నవ్వుతూ ముగించారు. మర్నాడు విరిగిన మునగ కొమ్మొకటి నరికి అక్కడే పాతాను. ఆ కుర్రాడికి నీడనిచ్చింది అదే.

సాయంత్రాల సంగతి. మా ఊళ్లో ఖర్చులేని సరదా ఒకటుంది, స్టేషను. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కణ్ణించే మొదలై పర్లాకిమిడి వెళ్లేది. 1931లో గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. గిడుగు రామమూర్తిగారు మనం ఇంట్లో మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోరాడుతూ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడే. 1936లో ఆ పట్నం ఒడిశాలోకి వెళ్లింది. రైలు మాత్రం ఎల్లల్ని పట్టించుకోకుండా తిరుగుతూనే ఉండేది. మా చిన్నప్పుడు అది ఎంత నిమ్మళంగా పోయేదంటే, కదిలాక కూడా మామ్మలు వేరుసెనగ బేరం ముగించుకుని ఎక్కేవారు. 2004లో ఆపేశారు. పెద్ద పట్టాలు వేసి 2011 నాటికి మళ్లీ గుణుపురం దాకా నడిపించారు. ఇప్పుడూ సాయంత్రం పూట పిల్లలు స్టేషను చివరి బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బళ్లు చూస్తారు. ఏ బండిలో ఎవరి నాన్న వస్తాడోనని కూడా చూస్తారు. మా జిల్లాలో వలస లేని ఇల్లు వెతకాలి.

అసలైన ఆట మాత్రం అమ్మవారి సంబరాలప్పుడే. సంక్రాంతికి సంగిడి రాయి బయటికొస్తుంది. పట్టు దొరకని ఆ బరువును భుజం మీదికి ఎత్తాలంటే వయసుతోబాటు ఒడుపు కావాలి. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి మహిళైన కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట, రెండూ మా వైపువే. బరువెత్తడం ఇక్కడ ఆటే.

రాత్రికి తప్పెటగుళ్లు. పగలు గొర్రెలు కాసుకునే వాళ్లు, మడుల్లో ఉప్పు లాగేవాళ్లు, రాత్రికి కాళ్లకి గజ్జెలు కట్టి, రేకు తప్పెట గుండెకి బిగిస్తారు. గంగమ్మను తలచుకుని నెమ్మదిగా మొదలుపెడతారు. సారంగధర, తులాభారం, చెంచులక్ష్మి, ఏ కథ అందుకున్నా మొదటి గంట దరువు కాళ్లకి అలవాటు పడడానికే పోతుంది. నడిరాత్రి దాటాక అడుగు వేగం పెరిగి, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కుతారు. అప్పుడు తప్పెట మోగుతోందో, చూసేవాడి గుండె మోగుతోందో తెలియదు. మరో రోజు జముకుల కథ, ఇంకో రోజు తూర్పు భాగోతం. భాగోతంలో సత్యభామ ఎంత అలిగితే అంత బాగుంటుందని మా అప్ప అభిప్రాయం. "ఓలమ్మ, అలక అంటే అదీ! మావోడి మీద నేనలిగితే ఓ పూట కూడా నిలబడదు" అంటుంది.

మంత్రిగారూ, ఇక్కడే మీతో నాకు పేచీ. ఒకసారి మాకు తెలిసిన బృందాన్ని ఒక పట్నంలో వేడుకకు పిలిచారు. బండెక్కి వెళ్లారు. అతిథులు కార్లు దిగే దారిలో రెండు వైపులా నిలబెట్టి వాయించమన్నారు. తర్వాత వేదిక మీద ఎనిమిది నిమిషాలిచ్చారు. ఎనిమిది నిమిషాల్లో గంగమ్మ ప్రార్థన కూడా పూర్తికాలేదు. కథ మొదలవకుండానే చప్పట్లు కొట్టి దింపేశారు. తిరిగొచ్చాక వాళ్ల గురువు నాతో ఒకటే అన్నాడు: "అమ్మా, ఆకలి తీరకుండానే ఇస్తరి తీసేసినారు." పర్యాటకం పేరుతో మా ఊళ్లో జరగబోయేది కూడా ఇదేనేమోనని నా భయం. చూపించడానికి పనికొచ్చే ముక్క తీసుకుని, చేసుకునే తీరికను వదిలేస్తారేమోనని.

మా ఊళ్లో సంతోషం చూసేది కాదు, చేసుకునేది. కూరైనా, పాటైనా, రథమైనా ఎవరి చేతులు వాళ్లు మసి చేసుకుంటేనే వస్తుంది. అందులో ప్రేక్షకుడంటూ విడిగా ఎవరూ ఉండరు. తప్పెటగుళ్లు చూడ్డానికి వచ్చిన ముసలాయన కూడా కూర్చున్నచోటే పల్లవి అందుకుంటాడు. మమ్మల్ని వడ్డించేవాళ్లుగానూ, పట్నం నుంచి వచ్చినవాళ్లను కూర్చుని చూసేవాళ్లుగానూ విడదీస్తే ఇద్దరికీ మిగిలేది ఖాళీ ఇస్తరే.

ఇలా రాశానని, ఇక్కడ అంతా హాయిగా ఉంది, మాకేమీ అక్కర్లేదని అనుకోకండి. చిన్న చిన్న సంతోషాల పేరు చెప్పి పేదరికానికి ముద్దుపేరు పెట్టడం నాకు గిట్టదు. అప్ప కాళ్ల పగుళ్లకి జానపద గీతం మందు కాదు. పని దొరక్క బండెక్కిన కుర్రాడికి సంబరం ఫోనులో వీడియోగానే చేరుతుంది. పెరడూ పాటా నిలవాలంటే చేతికి పనీ, ఆ పని తర్వాత ఒక సాయంత్రమూ మిగలాలి. మీ పర్యాటకం ఆ రెండూ ఇవ్వగలిగితే దానికి మేమే ఎదురొస్తాం.

అందుకే నావి మూడు కోరికలు. మొదటిది, తప్పెటగుళ్లు, జముకుల కథ, భాగోతం వాళ్లకు మీ శాఖ కార్యక్రమం ఇస్తే నిమిషాల లెక్కన ఇవ్వకండి, రాత్రి లెక్కన ఇవ్వండి. వేదిక కన్నా ఊరి నడివీధి మేలు. తెల్లారేసరికి డబ్బు వాళ్ల చేతిలో పడాలి. సినిమా కూడా మీ శాఖే కదా. మా పాట సినిమాలోకి వెళ్తే మాకు గర్వమే. ఆ పాటని మోసిన రాత్రి కూడా బతికుండాలి.

రెండోది, అతిథుల కోసం మొదట కట్టేది పెద్ద హోటలు కాకుండా, ఉన్న ఇళ్లకే కాస్త చేయూత ఇవ్వండి. నలుగురు ఆడవాళ్లు కలిసి రోజుకి పదిమందికి అన్నం పెట్టుకునేలా ఒక సులువైన అనుమతి, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, లెక్కలు రాసుకోవడం నేర్పే మనిషి. చాలు. వచ్చినవాళ్లు తమ కూర తామే కోసుకుంటారు. ఆవకాయ రోజులైతే కత్తిపీట కూడా ఇస్తాం.

మూడోది నీళ్ల సంగతి. మా పక్కనే తేలినీలాపురం. ఏటా గూడబాతులు, రంగుల కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు ఊరివాళ్లు చూసుకుంటారు. ఆ పక్షుల తిండి ఇక్కడి తంపరలోనే, అంటే చిత్తడినేలలోనే. మా ఉప్పు ఈ నీటి పోటుపాట్లలోనే. రోడ్డు వేసినా, గట్టు కట్టినా నీటికి దారి వదలమని మీ తోటి మంత్రులకు కూడా మీరే చెప్పాలి.

ఇంకొక్కటి, కోరిక కాదు, సవరణ. ఆ కుర్రాడి కాగితంలో "వినోద సౌకర్యాలు" అన్న గడి పక్కన మరొకటి చేర్చండి: "ఈ ఊరివాళ్లు తమకు తాము ఏం చేసుకుంటారు?" గడి కాస్త వెడల్పుగా ఉండాలి. అడ్డగీత గీసే వీలుండకూడదు.

నమ్మకం కలగకపోతే మీరే రండి. రథసప్తమి నాడు తెల్లారి అరసవల్లిలో దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి మా పెరటికి చేరండి. ముందుగా చెబితే మునగచెట్టు కింద మంచం వాల్చి ఉంచుతాను. చిక్కుడు వంకాయ కూర, తెలగపిండి మునగాకు, పప్పుచారు, మెత్తళ్లు తినే వాళ్లకి మెత్తళ్లు, ఆఖర్న పొద్దుటి పరమాన్నం. సాయంత్రం గుణుపురం బండి చూద్దాం. రాత్రికి తప్పెటగుళ్ల గురువుగారికి కబురు పెడతాను. ఒకటే షరతు, కథ అయ్యేదాకా లేవకూడదు. వెంట పెద్ద వాహనాల వరస అక్కర్లేదు. మా వీధి వెడల్పు అప్పదీ నాదీ చాటలు పక్కపక్కన ఆరబెట్టుకునేంతే.

తిన్నాక "బాగుంది" అని ఊరికే అనకండి. నౌపడలో భోంచేసిన అతిథి చెప్పాల్సింది ఒక్కటే, ఉప్పు సరిపోయిందో లేదో. మొహమాటపడకుండా చెప్పండి. అప్ప అక్కడే ఉంటుంది.

ఇట్లు,
నౌపడ నుంచి,
చిక్కుడు పందిరి ఇంటి ఇల్లాలు